వీగన్ క్యారియర్‌కు నాలుగు స్టార్లు, దాంతో వచ్చే కాగితానికి రెండే

ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, ఇంట్లోనే వండి తిరుపతి అంతా క్యారియర్లు పంపే వీగన్ భోజనం సర్వీసు గురించి రాస్తున్నా. పేరు రాయడం లేదు. మొగుడూ పెళ్ళాం, వంటకు ఇద్దరు ఆడవాళ్ళు, బండ్ల మీద తిరిగే ఇద్దరు పిల్లలు, అంతే వాళ్ళ బలగం. కింద మెచ్చుకోలూ ఉంది, గట్టి ఫిర్యాదూ ఉంది. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ఎవరి సంగతో నేను చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ఒక్క పూటకు నెలకు 3,900 రూపాయలు. మాంసం, చేప, గుడ్డు సరే, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ఆ వంటింట్లోకి రానివ్వరు. మా ఇంటికి ఈ క్యారియర్ వచ్చింది మా పాప వల్ల. బెంగళూరులో ఉద్యోగం చేసినన్నాళ్ళలో పాలు మానేసింది. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీకి మారి ఇంటికొచ్చినా ఆ పట్టు వదల్లేదు. మా ఆయనకేమో ఆదివారం పొట్టేలు మాంసం పడకపోతే వారం గడిచినట్టే ఉండదు. నేను డయాగ్నొస్టిక్ ల్యాబులో టెక్నీషియన్ని, పొద్దున ఏడింటికల్లా సిరంజి పట్టుకుని కూర్చోవాలి. నెయ్యి పడ్డ పప్పు ఒకటి, పడని పప్పు ఒకటి అని వేరువేరుగా వండే ఓపిక నాకు లేదు. డబ్బు పోతే పోయిందని క్యారియర్ పెట్టించాను.

ముందు తిండి సంగతి, ఎందుకంటే అది చానా బాగుంది.

స్టీలు క్యారియర్, నాలుగు గిన్నెలు. అడుగు గిన్నెలో అన్నం. సంగటి రోజైతే అన్నం తగ్గించి పక్కన రెండు చిన్న ముద్దలు. ఒంటిగంటలోపు వచ్చేస్తుంది. దారిలో పైపొర కొంచెం ఆరి ఉంటుంది గానీ, ముద్ద విరిస్తే లోపల ఆవిరి ఇంకా ఉంటుంది, నూక మెత్తగా ఉడికి ఉంటుంది, వేలికి అంటుకోదు. చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, సంగటి విషయంలో నన్ను మోసం చేయడం కష్టం. దాంట్లోకి ఉలవచారు, లేదంటే ఎనిపిన ఆకుకూర పప్పు. పప్పు నీళ్ళగా ఉండదు, గరిటె నిలబడుతుంది. మామూలు మెస్సుల్లో కందిబేడలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిన పప్పు తిని విసిగినవాళ్ళకు ఈ తేడా మొదటి ముద్దకే తెలుస్తుంది.

ఊరుబిండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెనిక్కాయలు మాడకుండా వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు వేసి రోట్లోనే దంచుతారు. మిక్సీలో తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది, ఇది అట్లా ఉండదు. పంటి కింద పలుకు తగులుతుంది, కారం వెనకనుంచి వస్తుంది. ధనుర్మాసంలో అయితే పితికిపప్పు కూడా పంపారు. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఒక్కొక్క గింజా రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క వేళ్ళకు మిగిలి పప్పు గిన్నెలోకి దూకుతుంది. అంతమందికి సరిపడా గింజలు పితకాలంటే ఆ ఇంట్లో ఎవరి వేళ్ళు ఎంత నొప్పి పుట్టాయో. ఆ రోజు మా ఆయన మాంసం సంగతి మర్చిపోయి పాప క్యారియర్లో చెయ్యి పెట్టారు.

బాగా లేనివి కూడా ఉన్నాయి. మీల్‌మేకర్ కుర్మా ఎప్పుడూ నాసిరకమే. నానబెట్టిన నీళ్ళు గట్టిగా పిండరు, ఆ పచ్చి వాసన మసాలాకు లొంగదు. చెనిక్కాయ పాలు తోడుపెట్టి చేసే పెరుగు విడిగా తింటే ఎక్కదు, కరివేపాకు, అల్లం వేసి మజ్జిగ చేసుకుంటే ఫరవాలేదు. కొబ్బరిపాల పాయసం తీపి ఎక్కువ. కూర గిన్నె అన్నిటికంటే చిన్నది, అది పెద్దది కావాలి, ఎందుకో తర్వాత చెప్తా.

నాకున్న వృత్తి రోగం ఏంటంటే ఏది కనపడినా అంకెల్లోకి దించకుండా ఉండలేను. సంగటి రోజు క్యారియర్‌ను నేను సుమారుగా లెక్కేశాను: రాగిపిండి వంద గ్రాములు, బియ్యం డెబ్బై అయిదు, బేడలు నలభై, చెనిక్కాయలు పాతిక. ప్రోటీన్ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది గ్రాముల దగ్గర తేలింది. యాభై అయిదు కిలోల ఆడమనిషికి రోజుకు 46 గ్రాములు చాలని మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్క. అంటే ఒక్క పూటకే సగం దాటింది. ప్రోటీన్‌ను కట్టే ముక్కల్లో, బియ్యంలో తక్కువుండే లైసిన్ పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువుండే మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. రెండూ ఒకే ముద్దలో ఉండాలన్న పట్టింపు కూడా లేదు, రోజు మొత్తంలో రెండూ పడితే చాలు. ‘పాలు, గుడ్డు లేకుంటే బలం ఎక్కడిదమ్మా’ అని మా వీధిలో ప్రోటీన్ గురించే అందరూ అడుగుతారు. అడగాల్సింది అది కాదు.

అడగాల్సింది ఏంటో చెప్పడానికే కాగితం దగ్గరికి వస్తున్నా. ప్రతి నెలా మొదటి క్యారియర్‌తో ఒక రంగు కాగితం పంపుతారు. ఒకవైపు మెనూ. రెండోవైపు పెద్ద అక్షరాల్లో: ప్రపంచంలోని ఆరోగ్య సంస్థలన్నీ ఆమోదించిన సంపూర్ణ ఆహారం, ఆరు నెలల పసిబిడ్డ నుంచి అవ్వాతాతల దాకా, విడిగా ఏ బిళ్ళా అక్కర్లేదు.

ఆరోగ్య సంస్థలు ఒప్పుకున్నాయన్నది గాలి కబురేం కాదు. అమెరికా డైటీషియన్ల సంఘం, అకాడమీ ఆఫ్ న్యూట్రిషన్ అండ్ డయటెటిక్స్, 2016లో చెప్పిన మాట వీగన్లందరికీ కంఠతా వచ్చు. సరిగ్గా ప్లాన్ చేసుకుంటే వీగన్ తిండితో సహా శాకాహారం పోషకాల పరంగా సరిపోతుంది, గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు, ఆటగాళ్ళకు కూడా పనికొస్తుంది అన్నారు. బ్రిటన్‌లో డయటెటిక్ అసోసియేషన్‌దీ ఇంచుమించు అదే మాట, బాగా ప్లాన్ చేసుకుంటే ఏ వయసువాళ్ళకైనా సరే అని. మా పాప ఇవన్నీ ఫోన్లో పెట్టుకుని వాళ్ళ నాయనతో వాదానికి దిగుతుంది, ఆ వాదంలో తనే గెలుస్తుంది కూడా.

కానీ ఆ ‘సరిగ్గా ప్లాన్ చేసుకుంటే’ అన్న ముక్క కాగితంలో ఎక్కడా కనపడదు. దాన్ని కోసేస్తే మిగిలేది వేరే వాక్యం. రిపోర్టులో ‘పరగడుపున’ అన్నది కొట్టేసి షుగరు అంకె ఒక్కటే ఇచ్చినట్టు ఉంటుంది.

పైగా ఆ అమెరికా సంఘమే 2025లో కొత్త ప్రకటన ఇచ్చింది. అది పద్దెనిమిదేళ్ళు దాటిన పెద్దవాళ్ళ గురించే మాట్లాడింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దాని పరిధిలోకే రారు. వాళ్ళకు వద్దని అనలేదు, సరే అని కూడా అందులో లేదు. జర్మనీ పోషకాహార సంఘం ఇంకా ముందునుంచీ ఆచితూచి మాట్లాడుతోంది. 2016లో గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు, పిల్లలకు, ఎదిగే వయసువాళ్ళకు వీగన్ తిండిని మేము సిఫారసు చేయం అని కుండబద్దలు కొట్టింది. 2024లో కొంచెం మెత్తబడింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు మంచిదే కావచ్చు, అయితే విటమిన్ బి12 బిళ్ళ వేసుకోవాలి, తిండి ఆలోచించి ఎంచుకోవాలి అంది. పిల్లలు, గర్భిణుల విషయంలో మాత్రం తగినంత సమాచారం లేదు కాబట్టి అవుననీ కాదనీ చెప్పలేమంది. ‘సంస్థలన్నీ’ అని రాసుకునేవాళ్ళు దీన్ని ఏ ఖాతాలో వేసుకుంటారు?

ఇన్ని దేశాల సంఘాలు వేరే విషయాల్లో ఎటు తిరిగినా బి12 దగ్గర మాత్రం ఒకే మాట మీద ఉన్నాయి: వీగన్లు దాన్ని బిళ్ళగానో, కలిపి అమ్మే ఆహారంగానో విడిగా తీసుకోవాల్సిందే. కాగితంలో తప్పు చెప్పింది సరిగ్గా అక్కడే.

బి12 ను మొక్కలు చేయవు, జంతువులు కూడా చేయవు. కొన్ని సూక్ష్మజీవులు చేస్తాయి, అది జంతువుల ఒంట్లో చేరి పాలు, గుడ్లు, మాంసంగా మనకొస్తుంది. మనిషికి కావలసింది రోజుకు రెండు మైక్రోగ్రాములు పైచిలుకు, కంటికి కనపడనంత. లివర్లో నిల్వ ఉంటుంది కాబట్టి పాలు మానేసిన నెలకో రెండు నెలలకో ఏమీ తెలియదు. కొందరికి ఏళ్ళు పడుతుంది. అందుకే ‘నేను మానేసి ఏడాదైంది, గుర్రంలా ఉన్నా’ అనేవాళ్ళ మాట నేను లెక్కలోకి తీసుకోను.

ల్యాబులో నాకు ఇది అంకెగా కంటే ముందు బొమ్మగా తెలుసు. రక్తం చుక్కను గాజు పలక మీద పరిచి, లీష్మన్ రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, నూనె చుక్క వేసి చూస్తాం. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్ అని ఒకటి ఉంటుంది, దాని మధ్యలో ఊదారంగు కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయి సన్నటి దారంతో కలిసి ఉంటుంది. బి12 గానీ, ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ గానీ బాగా తగ్గినవాళ్ళ పలక మీద ఆ తమ్మెలు ఆరు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. పక్కన ఎర్రకణాలు మామూలు సైజు దాటి కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బి ఉంటాయి. తర్వాత మెషీన్లో బి12 పెడితే మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు వస్తుంది, కొందరికి వందలోపు కూడా. వచ్చినవాళ్ళు చెప్పేవి అవే మాటలు: అరికాళ్ళు తిమ్మిర్లు, చెప్పు జారిపోయినా తెలియడం లేదు, నాలుక మంట, ఊరికే ఆయాసం.

ఇంకో చిక్కుంది. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవాళ్ళకు ఫోలేట్ సమృద్ధిగా ఉంటుంది. దాంతో రక్తం పైకి బాగానే కనపడుతూ, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఆగకపోవచ్చు. ఈ క్యారియర్‌లాంటి మంచి తిండి తినేవాళ్ళే ఈ కోవలోకి వస్తారు. ‘హిమోగ్లోబిన్ పన్నెండుంది, నాకేం’ అంటే కుదరదు.

ఈ సంగతి అడగడానికి సర్వీసు వాళ్ళకు ఫోన్ చేశాను. ఆ ఇంటాయన ఎత్తాడు, మర్యాదస్తుడే.

‘బి12 గురించి కాగితంలో ఒక్క మాటా లేదేంది నాయనా?’

‘మన ఆకుకూరల్లో ఉంటుందక్కా. మట్టిలో ఉండే బ్యాక్టీరియా చేస్తుందంట. అందుకే మేము మరీ ఎక్కువ కడగం.’

‘కడక్కుండా తింటే బి12 రాదు, కడుపులో నట్టలు వస్తాయి. మలపరీక్షలు కూడా మేమే చేస్తాం, నాకు తెలుసు.’

‘అయితే స్పిరులినా పొడి కలుపుతామక్కా.’

స్పిరులినాలో ఉండేది ఎక్కువగా బి12 ను పోలిన నకిలీ, మన ఒంటికి పనికిరాదు అని చెప్పేలోపు ఆయన భార్య ఫోన్ లాక్కుంది. ‘నేను వారం వారం బిళ్ళ వేసుకుంటానే ఉండానక్కా. కాగితంలో రాయమంటే ఈయనే వద్దన్నాడు. మందు అని కనపడితే జనం బెదిరిపోతారంట.’

ఆ ఇంట్లో వండే చెయ్యి ఎవరిదో, రాసే చెయ్యి ఎవరిదో అప్పుడు అర్థమైంది. నా దృష్టిలో ఈ సర్వీసుకు వచ్చిన పెద్ద మైనస్ మార్కు ఇదే. తెలియక రాయకపోవడం వేరు, తెలిసీ గిరాకీ కోసం దాచడం వేరు.

మరుసటి నెల కాగితంలో బిళ్ళ అక్కర్లేదన్న వాక్యం తీసేశారు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘బి12 కోసం డాక్టరు సలహా తీసుకోగలరు’ అని వచ్చింది. నేను చెప్పినందుకో, ఆమె పోరు పెట్టినందుకో. ఎట్లాగైతేనేం, వచ్చింది, అందుకే కాగితానికి ఒకటి కాకుండా రెండు స్టార్లు ఇచ్చాను.

మా ఎదురింటి పిన్నిగారు ఇదంతా విని, ‘మా వంశంలో మాంసం ముట్టినవాళ్ళే లేరు, మాకు ఏం బిళ్ళలు వేశారు?’ అన్నారు. ఆమె రోజూ రెండు గ్లాసుల పాలు, పూటపూటకూ గడ్డపెరుగు. కొండమీద అన్నప్రసాదంలోనూ మజ్జిగ ఉంది, లడ్డూలో నెయ్యి ఉంది. తిరుపతిలో శాకాహారం అంటే పాలతో కూడిన శాకాహారమే, దాని లెక్క వేరు. మూడు వందల మిల్లీలీటర్ల పాలలో బి12 ఒక మైక్రోగ్రాము చుట్టుపక్కల దొరుకుతుంది. అదైనా పూర్తిగా సరిపోదు, పాలు పలచబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది. మా పాప లడ్డూను కళ్ళకద్దుకుని నా చేతిలో పెడుతుంది, ఆ ఏర్పాటు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రేషన్ బియ్యంలో బి12 కలిపి ఇచ్చారు కదా అని కూడా ఒకాయన అన్నారు. నిజమే, అట్లా విటమిన్లు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యానికి మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన ప్రమాణం కిలోకు ఇంచుమించు ఒక మైక్రోగ్రాము. పావుకిలో బియ్యం తింటే పావు మైక్రోగ్రాము. అది ఏ మూలకు?

మన దేశం మాట ఏంటంటే, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అనేది, 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రెండు వేల క్యాలరీల రోజుకు ఒక పళ్ళెం గీసింది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. శాకాహారులకు బి12, ఒమేగా 3 కొవ్వులు అందడం కష్టమని అందులోనే ఉంది. ఈ క్యారియర్‌ను ఆ పళ్ళెం పక్కన పెడితే ధాన్యం, పప్పు, గింజలు ధీమాగా ఉన్నాయి. కూర మాత్రం వంద గ్రాములు దాటదు. రోజుకు నాలుగు వందలు కావాలంటే మిగతా మూడు వందలు రాత్రికి ఎక్కడినుంచి తెస్తాం? కూర గిన్నె పెద్దది కావాలన్నది అందుకే. అవిసెగింజల పొడి ఒక చెంచా ఇడ్లీ కారంలో కలిపితే ఒమేగా 3 సంగతి కూడా కొంత తీరుతుంది, ఖర్చు పెద్దగా ఏం కాదు.

పాలకు బదులు ఏం పెట్టారన్నది నాకు నచ్చిన చోటు. మూడు వందల మిల్లీలీటర్ల పాలలో కాల్షియం దాదాపు 360 మిల్లీగ్రాములు. వంద గ్రాముల రాగుల్లో, మన దేశ ఆహార పట్టికల ప్రకారం, 364. అంకెలు సరిపోయినా రాగుల్లో కాల్షియాన్ని పట్టుకునే ఫైటేట్లు ఉంటాయి కాబట్టి పాలలోనిదంత బాగా ఒంటికి పట్టదు. మొలకెత్తించి పిండి పట్టిస్తే ఆ అడ్డం కొంత తగ్గుతుంది, వీళ్ళు అట్లాగే చేస్తారు, పిండికి ఆ చిరు తీపి వాసన ఉంటుంది. తోటకూర, మునగాకు, నువ్వుల పొడి కూడా వారంలో తిరిగి తిరిగి వస్తాయి. ఇదంతా తెలిసి చేసిన ప్లానే, వండే ఆ ఇల్లాలి తెలివి. చెనిక్కాయ పెరుగుకు మాత్రం పాల పెరుగు పేరు చెప్పుకునే అర్హత కాల్షియంలో లేదు.

నిమ్మబద్ద రోజూ ఉంటుంది. విటమిన్ సి తో పప్పులో, ఆకుల్లో ఉన్న ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. ఆ మంచి పనిని పాడు చేయడానికన్నట్టు, క్యారియర్‌తో పాటే చిన్న ఫ్లాస్కులో సోయాపాల అల్లం టీ ఉచితం. టీ, కాఫీ భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దని ఎన్ఐఎన్ చెప్తోంది, అందులోని టానిన్లు ఐరన్‌ను పట్టుకుంటాయి కాబట్టి. ఆడవాళ్ళకు ఐరన్ రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని లెక్క, మగవాళ్ళకు 19. అంత అవసరం ఉన్నవాళ్ళకు పక్కనే టీ పెట్టి పంపడం ఏం న్యాయం? మా పాప నాలుగింటికి తాగుతుంది, అప్పటికి చల్లారి ఉంటుంది, పారబోస్తుంది.

ఉప్పు గురించి ఎవరూ అడగరు, నేను అడిగాను. అన్నింట్లోనూ గులాబీ రంగు రాతి ఉప్పేనట, కాగితంలో గొప్పగా రాసుకున్నారు. దాంట్లో అయోడిన్ కలపరు. పాలు, చేప, గుడ్డు మానేసినవాళ్ళకు అయోడిన్ దొరికే దారి మామూలు అయోడైజ్డ్ ఉప్పే. ఖరీదైన ఉప్పు కొని, ఉన్న ఒక్క దారినీ మూశారు. దీన్ని మాత్రం వాళ్ళు మార్చలేదు. ఉప్పు రంగు చూసి చేరే గిరాకీ ఉందంట.

ఇంక ఇప్పుడు అసలు ఫిర్యాదు. పెద్దల క్యారియర్‌తో పాటు ఆరు నెలలు దాటిన బిడ్డలకు ఒక డబ్బా, గర్భిణులకు ఒక ప్యాకు అమ్ముతున్నారు. బిడ్డల డబ్బాలో రాగిజావ, అరటిపండు గుజ్జు, ఖర్జూరం, కొబ్బరిపాల అన్నం. రుచి చూశాను, బాగుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు బిడ్డల తిండి మీద మార్గదర్శకం ఇచ్చింది. మాంసం, చేప, గుడ్డు లాంటివి రోజూ పెట్టమంది. మొక్కల తిండి ఒక్కదాంతోనే, బిళ్ళలూ ఫోర్టిఫైడ్ ఆహారమూ లేకుండా, ఆ వయసు బిడ్డ అవసరాలు తీరవని దాని సారాంశం. చిన్న పొట్ట, పెద్ద అవసరం, అక్కడ జావతో నెట్టుకురాలేం. తల్లికే బి12 తక్కువుంటే పాలలోనూ తక్కువే వస్తుంది, బిడ్డ మెడ నిలపడం, కూర్చోవడం వెనకబడొచ్చు. ఇది పట్టించుకోకపోతే పూర్తిగా కోలుకోని సందర్భాలు ఉంటాయి.

వీగన్ కుటుంబాలు బిడ్డల్ని పెంచలేవని నేను అనడం లేదు. పిల్లల డాక్టరు చూస్తూ, డైటీషియన్ లెక్క కడుతూ, బిళ్ళలూ చుక్కలూ వేస్తూ పెంచుకునేవాళ్ళు ఉన్నారు. అంత జాగ్రత్త అవసరమయ్యే విషయాన్ని రంగు డబ్బాలో పెట్టి ‘సంపూర్ణం’ అని రాసి అమ్మడం మీదే నా కోపం. మన దేశంలో 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలోనే పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్లో 31 శాతానికి బి12 తక్కువగా తేలింది. వాళ్ళేం వీగన్లు కాదు. పునాది అట్లా ఉన్న చోట పాలు కూడా తీసేయమంటే, తీసేసిన చోట ఏం పెట్టాలో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిది. ఆ డబ్బా కాగితం మాత్రం అక్షరం కూడా మారలేదు.

మా ఇంటి రిపోర్టులు కూడా చెప్పేస్తా, అడుగుతారు కాబట్టి. పాప బెంగళూరులో ఉన్నప్పటి నుంచీ బి12 బిళ్ళ వదలకుండా వేసుకుంటోంది, తన అంకె 400 పైనే. మా ఆయన ఆదివారం మాంసం తప్పనివారు, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, ఆయనది 170. మెట్‌ఫార్మిన్ బి12 ను ఒంటికి సరిగా పట్టనివ్వదు, అది అందరికీ తెలిసిన సంగతే, అయినా మా ఇంట్లో పరీక్ష చేయించడానికి పాప తిండి మీద గొడవ జరగాల్సొచ్చింది. ఆయన ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పరీక్ష చేయించుకునే ఆలోచన ఉంటే ఇంజెక్షన్‌కు ముందే చేయించుకోండి, వేయించుకుని వస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, మాకు చదవడానికి ఏమీ మిగలదు.

కొనేవాళ్ళకు ఇంకో చిన్న మాట. వీళ్ళు సీలు వేసి అమ్మే పొడుల మీద పచ్చ చుక్క మాత్రమే ఉంది. పచ్చ చుక్క శాకాహారానికి, దాంట్లో పాలు ఉండొచ్చు. వీగన్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో నియమాలు పెట్టి, పచ్చరంగులో వి అక్షరం మీద ఆకు మొలిచినట్టుండే వేరే గుర్తు ఇచ్చింది. అది చూసి కొనండి. బజారులో సోయాపాలు కొనేటప్పుడు వెనక వైపు పోషకాల పట్టికలో బి12, కాల్షియం రెండూ ఉన్నాయా లేదా చూసుకోండి, కొన్నింట్లో ఏదీ కలపరు.

ఎవరు పెట్టించుకోవచ్చు అంటే: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు, బి12 సంగతి డాక్టరుతో మాట్లాడుకుని, ఇంట్లో అయోడైజ్డ్ ఉప్పు వాడుకునేవాళ్ళు నిశ్చింతగా పెట్టించుకోవచ్చు. తిరుపతిలో ఆ ధరకు ఇంత చిక్కటి పప్పు, ఇంత మంచి సంగటి వీగన్ వంటలో నాకు వేరే చోట దొరకలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పప్పు, చెనిక్కాయలు ఇంత మోతాదులో తినే ముందు వాళ్ళ డాక్టరును అడగాలి. గర్భిణుల ప్యాకు, బిడ్డల డబ్బా నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఆదివారం సెలవు. ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు వద్దని చెప్తే ఆ పూట డబ్బు నెలాఖరు బిల్లులో తగ్గిస్తారు, ఆ తర్వాత చెప్తే తగ్గించరు. కొర్లగుంట వైపు డెలివరీ ఒక్కోసారి రెండు దాటుతుంది. క్యారియర్ కడిగి ఇవ్వకపోయినా ఏమీ అనరు, మీల్‌మేకర్ రోజు బదులుగా పెసల కూర అడిగితే ఇస్తారు.